ఘాట్ దారిలో పికప్ వ్యాను డీజిల్ ఎక్కువ తాగుతోందా? దారి ఖర్చేదో, బండి లోపమేదో తేల్చుకునే విధానం

సంక్షిప్తంగా: ఒడిశాలోని కోరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల్లో సరకు రవాణా చేసే పికప్ వ్యాన్ల మైలేజీ తగ్గినప్పుడు, ముందుగా తగ్గుదల నిజమైనదా కాదా అన్నది కొలిచి చూడాలి. ఎత్తు, లోడు, డీజిల్ నింపించే పద్ధతి వల్ల కనిపించే తేడాను పక్కన పెట్టాకే యంత్ర లోపం కోసం వెతకాలి. ఈ ప్రాంతంలో ఎక్కువగా అనుమానించాల్సినవి పట్టేసిన బ్రేకులు, తీసేసిన థర్మోస్టాట్ (ఇంజిన్ వేడిని అదుపులో ఉంచే వాల్వు), పగిలిన టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే పరికరం) గొట్టాలు, సరిగా శుభ్రపడని డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు). సిలిండర్లలోకి డీజిల్ చల్లే ఇంజెక్టర్ల వంతు వీటన్నిటి తరువాతే వస్తుంది.

సాలూరు నుంచి సుంకి, పొట్టంగి, సెమిలిగుడ మీదుగా కోరాపుట్, జయపురం వైపు సాగే 26వ నంబరు జాతీయ రహదారిపై సిమెంటు, కిరాణా సరుకు పైకి వెళ్తుంటాయి. కొండ మీద పండిన అల్లం, టమాటా, క్యాబేజీ కిందికి దిగుతుంటాయి. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి పట్టణాల తెలుగు వ్యాపారులు, డ్రైవర్లు కూడా పార్వతీపురం, పాతపట్నం, టెక్కలి దారుల్లో చిన్న వాణిజ్య వాహనాల మీదే ఎక్కువగా ఆధారపడుతున్నారు. కిరాయి లెక్కలో డీజిల్ ఖర్చే పెద్ద పద్దు కాబట్టి, లీటరుకు ఒకటి రెండు కిలోమీటర్లు తగ్గినా యజమానికి, డ్రైవరుకు మధ్య అనుమానం మొదలవుతుంది. బండి షెడ్డుకు చేరితే చాలాసార్లు మొదట వినిపించే మాట ‘నాజిల్స్ పోయాయి’, అంటే ఇంజెక్టర్లు చెడిపోయాయి అన్నది. ఆ నిర్ధారణ కొన్నిసార్లు నిజమే అయినా, పరీక్షించకుండా చెబితే వేల రూపాయల ఖర్చు తరువాత కూడా మైలేజీ ఉన్నచోటే ఉంటుంది.

ఎత్తు లెక్క

సాలూరు సముద్రమట్టానికి సుమారు 120 మీటర్ల ఎత్తులోనూ, కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తులోనూ ఉన్నాయి. అంటే ఈ దారిలో పైకి వెళ్లే ప్రతి బండీ తన బరువును, లోడును కలిపి 750 మీటర్లు పైకి మోయాలి. ఖాళీ బండి బరువు 1.7 టన్నులు, లోడు 1.3 టన్నులు అనుకుంటే మొత్తం 3 టన్నులు. ఇంత బరువును అంత ఎత్తుకు చేర్చడానికి సుమారు 22 మెగాజౌళ్ల శక్తి కావాలి. లీటరు డీజిల్‌లో దాదాపు 36 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది గానీ, ఇంజిన్ అందులో మూడో వంతును మాత్రమే పనిగా మార్చగలదు, మిగిలింది వేడిగా రేడియేటర్ నుంచి, సైలెన్సర్ నుంచి బయటికి పోతుంది. ఆ లెక్కన కేవలం ఎత్తు ఎక్కడానికే 1.8 లీటర్ల పైచిలుకు డీజిల్ కాలుతుంది. రోడ్డు రాపిడిని, గాలి నిరోధాన్ని అధిగమించడానికి అయ్యే ఖర్చు దీనికి అదనం.

బలాల పరంగా చూస్తే తేడా మరింత స్పష్టమవుతుంది. ఇదే 3 టన్నుల బండి చదునైన తారు రోడ్డుపై గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోవడానికి చక్రాల వద్ద సుమారు 600 న్యూటన్ల బలం సరిపోతుంది. 100 మీటర్లకు 5 మీటర్లు ఎత్తు పెరిగే చోట మరో 1,470 న్యూటన్లు తోడవుతాయి. ఘాట్‌లో కిలోమీటరుకు కాలే డీజిల్ మైదానంలో కాలేదానికి మూడు రెట్లు దాటడం దీనివల్లే. అది లోపం కాదు.

దిగేటప్పుడు ఈ ఖర్చంతా తిరిగి వస్తుందన్న నమ్మకం సరైనది కాదు. దిగుడులో డీజిల్ దాదాపు కాలకపోవచ్చు గానీ, పైకి మోసిన శక్తిలో ఎక్కువ భాగం బ్రేకుల్లోనూ ఇంజిన్ నిరోధంలోనూ వేడిగా కరిగిపోతుంది. అందువల్ల ఏ దిశలో లోడు ఉందన్నది మైలేజీని నిర్ణయిస్తుంది. విజయనగరం నుంచి సిమెంటుతో ఎక్కి ఖాళీగా దిగిన బండినీ, ఖాళీగా ఎక్కి కుందులి సంత నుంచి కూరగాయలతో దిగిన బండినీ పోల్చకూడదు. ఖాళీ బండిని ఎక్కించడానికి ఎత్తు ఖర్చు లీటరు దగ్గరే ఆగుతుంది. అలాగే పర్లాకిమిడి, టెక్కలి మధ్య నడిచే బండికి వచ్చే మైలేజీ, అదే మోడల్ అయినా, కోరాపుట్ ఎక్కే బండికి రాదు. కిరాయి మారి, రూటు మారిన నెలలోనే మైలేజీ పడిపోయిందంటే అనుమానించాల్సింది ముందు రూటునే.

ఎత్తుతో పాటు గాలి కూడా పలచబడుతుంది. కోరాపుట్ ఎత్తులో వాతావరణ పీడనం తీర ప్రాంతంతో పోలిస్తే దాదాపు పదో వంతు తక్కువ. టర్బో ఉన్న ఇంజిన్ ఈ లోటును చాలావరకు పూడ్చుకుంటుంది. టర్బో లేని పాత ఇంజిన్లలో డీజిల్ అందించే పంపును మైదానానికి సరిపోయేలా అమర్చి ఉంటే, పైకి వెళ్లాక గాలి చాలక నల్లపొగ ఎక్కువగా వదులుతాయి.

కొలతలోనే తేడా

ఆంధ్రప్రదేశ్‌లో డీజిల్ ధర ఒడిశాలో కంటే ఎక్కువగా ఉంటూ వస్తోంది. అందుకే సరిహద్దు దాటే బండ్లు ఆంధ్ర వైపు గడవడానికి సరిపడా మాత్రమే పోయించుకుని, ఒడిశా వైపు ఎక్కువ నింపించుకుంటాయి. డబ్బు పరంగా ఇది తెలివైన పనే అయినా, ఐదు వందలకు ఒకచోట, వెయ్యికి మరొకచోట పోయించిన డీజిల్‌తో మైలేజీ లెక్క కట్టడం అసాధ్యం. ట్యాంకులో అప్పటికే ఎంత ఉందో ఎవరికీ తెలియదు, డ్యాష్‌బోర్డు ముల్లు చూపేది అంచనా మాత్రమే.

సరైన పద్ధతి ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకు వరకు లెక్కించడం. అందులోనూ ఒక చిక్కు ఉంది. పంపు నాజిల్ దానంతటది ఆగే స్థాయి, బండి నిలిచిన నేల వాలును బట్టి, లీటరు రెండు లీటర్లు అటూ ఇటూ అవుతుంది. 20 లీటర్ల మీద అది 5 నుంచి 10 శాతం పొరపాటు. అదే వరుసగా మూడు నాలుగు ఫుల్ ట్యాంకులు కలిపి 120 లీటర్ల మీద లెక్కిస్తే పొరపాటు 2 శాతం లోపుకు దిగుతుంది. ఒకే బంకులో, వీలైతే ఒకే పంపు దగ్గర, ఉదయం పూట నింపించడం మేలు. లోడు ఎంత, ఏ దారి, ఘాట్ ఎన్నిసార్లు ఎక్కింది అన్నవి అదే పుస్తకంలో రాసి పెడితేనే ఆ అంకెకు అర్థం ఉంటుంది.

లీటరుకు ఎన్ని కిలోమీటర్లన్న లెక్క కూడా కొంత మభ్యపెడుతుంది. మైలేజీ 14 నుంచి 12కు పడితే 100 కిలోమీటర్లకు అదనంగా కాలేది 1.2 లీటర్లు. 10 నుంచి 8కి పడితే 2.5 లీటర్లు. రెండు చోట్లా తగ్గింది రెండే అయినా, రెండోదానిలో నష్టం రెట్టింపు. ఘాట్‌లో తిరిగే బండ్ల మైలేజీ ఎటూ తక్కువ అంకెల్లోనే ఉంటుంది కాబట్టి, 100 కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు అని లెక్కించుకోవడమే నిజాన్ని చూపుతుంది.

కొత్త టైర్ల సైజు పాతవాటి కంటే పెద్దదైతే ఓడోమీటరు అసలు దూరం కంటే తక్కువ చూపుతుందని కూడా గుర్తుంచుకోవాలి. అలాంటప్పుడు డీజిల్ ఏమీ పెరగకుండానే మైలేజీ తగ్గినట్టు కనిపిస్తుంది.

బ్రేకులు: ఘాట్ బండ్లలో మొదటి అనుమానం

కొలత సరిచూసుకున్న తరువాత కూడా తేడా మిగిలితే, అప్పుడు బండిని చూడాలి. డీజిల్ ఎక్కువ కావడానికి యాంత్రిక కారణాలు మూడు రకాలు: చక్రం దగ్గర శక్తి వృథా కావడం, ఇంజిన్‌లో పుట్టిన శక్తి చక్రానికి చేరకపోవడం, అసలు ఇంజిన్‌లోనే డీజిల్ సరిగా కాలకపోవడం. షెడ్లలో వెతుకులాట సాధారణంగా మూడోదానితో మొదలవుతుంది. పరీక్ష ఖర్చును బట్టి చూస్తే మొదటిదానితో మొదలుపెట్టాలి.

సుంకి ఘాట్ వంటి దారుల్లో బ్రేకులు పదేపదే వేడెక్కుతాయి. ఆ వేడికి ప్యాడ్లను నొక్కే కాలిపర్ పిస్టన్ రబ్బర్లు, లైనర్లను నెట్టే వీల్ సిలిండర్ రబ్బర్లు గట్టిపడి సాగే గుణం కోల్పోతాయి. అప్పుడు పెడల్ వదిలినా పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు. ప్యాడ్ డిస్కునూ, లైనర్ డ్రమ్మునూ రాసుకుంటూనే ఉంటాయి. హ్యాండ్ బ్రేక్ కేబుల్ తుప్పు పట్టి బిగుసుకున్నా ఫలితం ఇదే. ఇలా కలిసే అదనపు నిరోధం 100 న్యూటన్లే అనుకున్నా, అంటే పది కిలోల బరువు లాగే బలమే అనుకున్నా, మైదానంలో బండికి కావలసిన 600 న్యూటన్లలో అది ఆరో వంతు. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో అది పుట్టించే వేడి బకెట్‌లో నీళ్లు కాచే హీటర్ రాడ్డు వేడితో సమానం. ఆ రాడ్డు ప్రయాణం పొడవునా డీజిల్‌తో వెలుగుతూనే ఉంటుంది.

పరీక్షకు పనిముట్లు అక్కర్లేదు. చదునైన దారిలో బ్రేకు అతి తక్కువగా వాడుతూ కొంత దూరం నడిపి ఆపి, నాలుగు చక్రాల మధ్యభాగం దగ్గర చెయ్యి తాకించకుండా వేడిని పోల్చాలి. ఒక చక్రం మిగతావాటి కంటే బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేసినట్టు, లేదా బేరింగ్ చెడినట్టు. ఆ తరువాత జాకీ పెట్టి చక్రం ఎత్తి చేతితో తిప్పి చూస్తే నిర్ధారణ అవుతుంది. రబ్బరు కిట్లు మార్చి, పిన్నులకు గ్రీజు పెట్టి, కేబుల్ సరిచేస్తే సరిపోయే పని ఇది. ఇంజెక్టర్ల ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువ.

ఈ లోపానికి ఒక మూలం డ్రైవింగ్ అలవాటులోనే ఉంది. డీజిల్ మిగుల్తుందని ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదలడం, ఇంకా ముందుకెళ్లి ఇంజిన్ ఆపేయడం చాలామందికి అలవాటు. కామన్ రైల్ ఇంజిన్లలో (అధిక పీడనంతో ఒకే గొట్టంలో ఉంచిన డీజిల్‌ను కంప్యూటర్ అదుపులో చల్లే రకం) ఇది తలకిందుల లెక్క. గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే, ఇంజిన్ వేగం తగినంత ఉన్నంతవరకు కంప్యూటర్ ఇంజెక్షన్‌ను పూర్తిగా ఆపేస్తుంది. న్యూట్రల్‌లో మాత్రం ఇంజిన్ ఆరిపోకుండా డీజిల్ కాలుస్తూనే ఉండాలి. ఇంజిన్ ఆపేస్తే బ్రేకుకు సాయపడే వ్యాక్యూమ్ అందదు, స్టీరింగ్ బిగుసుకుంటుంది, భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. ప్రాణాపాయం సంగతి అలా ఉంచి డీజిల్ లెక్క మాత్రమే చూసినా, మిగిలిందేమీ ఉండదు. వేడెక్కిన బ్రేకు పట్టేసి తరువాతి నెలల్లో డీజిల్ రూపంలోనే వడ్డీతో వసూలు చేస్తుంది.

టైర్లు, వేగం, లోడు

టైర్లలో గాలి తక్కువైతే టైరు నలిగి నిరోధం పెరుగుతుంది. కార్ల మీద సాధారణంగా చెప్పే అంచనా ప్రకారం నాలుగు టైర్లలోనూ ఒక్కో పీఎస్‌ఐ తగ్గితే ఇంధనం సుమారు 0.2 శాతం ఎక్కువ కాలుతుంది. అంటే గాలి ఒక్కటే మైలేజీని సగానికి దించదు. కానీ వెనుక టైర్లలో 15 పీఎస్‌ఐ లోటుతో, పూర్తి లోడుతో తిరిగే బండికి ఇంధన నష్టంతో పాటు టైరు పగిలే ప్రమాదమూ ఉంటుంది. ఘాట్ ఎక్కి వచ్చిన వెంటనే వేడి టైరులో పీడనం ఎక్కువ చూపిందని గాలి తీసేయడం తప్పు. చల్లబడ్డాక చూస్తే అది తక్కువై ఉంటుంది. డోరు దగ్గర అంటించిన స్టిక్కరులో లోడుకు, ఖాళీకి వేర్వేరు అంకెలుంటే వాటినే పాటించాలి.

గాలి నిరోధం వేగంతో పాటు కాదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 60 నుంచి 80కి పెంచితే నిరోధం 1.8 రెట్లవుతుంది. క్యాబిన్ కంటే ఎత్తుగా కట్టిన ఇనుప చట్రం, వదులుగా ఎగిరే టార్పాలిన్ దీన్ని మరింత పెంచుతాయి. బాడీ ఎత్తించిన తరువాతే మైలేజీ తగ్గిందని గమనించిన యజమానులు ఇంజిన్‌ను వేధించాల్సిన అవసరం లేదు.

పరిమితికి మించిన 500 కిలోలు ఘాట్ ఎక్కడానికి అదనంగా తినేది 0.3 లీటరు. అది కిరాయిలో కలిసిపోతుందని అనిపించవచ్చు. కానీ అదనపు లోడుకు 2019 సవరణ తరువాత మోటారు వాహనాల చట్టం విధించే జరిమానా 20,000 రూపాయలు, పైగా ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయలు. క్లచ్, బ్రేకుల అరుగుదల వేరు.

క్లచ్ జారడం

లోడుతో ఎక్కేటప్పుడు ఇంజిన్ శబ్దం, ఆర్‌పీఎం పెరిగినా వేగం పెరగకపోతే, కాలిన వాసన వస్తే, క్లచ్ ప్లేటు జారుతున్నట్టు. పెడల్ మీద కాలు ఆనించి నడిపే అలవాటు దీన్ని తొందరపెడుతుంది. మైదానంలో ఈ లోపం బయటపడకపోవచ్చు, ఘాట్‌లో దాగదు.

ఇంజిన్ చల్లగా నడిస్తే

వేసవిలో ఇంజిన్ వేడెక్కుతోందని కొన్ని షెడ్లలో థర్మోస్టాట్ వాల్వును తీసి పారేస్తుంటారు. రేడియేటర్ పూడిక, ఫ్యాన్ బలహీనత, కూలెంట్ బదులు పోసిన బోరు నీళ్లు వంటి అసలు కారణాన్ని కప్పిపుచ్చే చిట్కా ఇది. థర్మోస్టాట్ సాధారణంగా 80 నుంచి 90 డిగ్రీల మధ్య తెరుచుకునే వరకు నీటిని ఇంజిన్‌లోనే తిప్పుతుంది. అది లేకపోతే నీళ్లు మొదటి నిమిషం నుంచే రేడియేటర్‌కు పోతాయి. తీరప్రాంతపు ఎండలో తేడా అంతగా తెలియదు. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున సెమిలిగుడ, పొట్టంగి చలిలో మాత్రం ఇంజిన్ గంటసేపు నడిచినా సరైన వేడికి రాదు. చల్లటి ఆయిల్ చిక్కగా ఉండి రాపిడి పెరుగుతుంది. సెన్సార్ చల్లదనాన్ని చూపుతున్నంతసేపూ కంప్యూటర్ డీజిల్ ఎక్కువ ఇస్తుంది. డీపీఎఫ్ శుభ్రపడే ప్రక్రియ కూడా మొదలుకాకపోవచ్చు. టెంపరేచర్ ముల్లు మధ్యకు రాకుండా కింది భాగంలోనే తచ్చాడుతుంటే మొదట అడగాల్సిన ప్రశ్న: థర్మోస్టాట్ ఉందా, ఉంటే తెరుచుకుని ఇరుక్కుపోయిందా?

బీఎస్‌6 బండ్లలో కొత్త చిక్కు

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్‌6 ఉద్గార ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. డీజిల్‌లో గంధకం పరిమితి 50 పీపీఎం (పది లక్షల భాగాల్లో 50) నుంచి 10కి తగ్గింది. చాలా డీజిల్ మోడళ్లలో పొగలోని మసిని పట్టి ఉంచే డీపీఎఫ్ చేరింది. దీనివల్ల పాత రోగనిర్ధారణ ఒకటి పనికిరాకుండా పోయింది. పొగ రంగు చూసి లోపం చెప్పే అనుభవజ్ఞులకు నల్లపొగ అంటే డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ. నీలం అంటే ఆయిల్ కాలడం. తెలుపు అంటే కాలని డీజిల్ లేదా నీళ్లు. డీపీఎఫ్ ఉన్న బండిలో నల్లపొగ బయటికి రాదు, ఫిల్టరులో పేరుకుంటుంది. సైలెన్సర్ శుభ్రంగా ఉన్నంత మాత్రాన దహనం బాగుందని అనుకోవడానికి లేదు.

పేరుకున్న మసిని కాల్చడానికి ఫిల్టరులో దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. ఆ వేడి కోసం కంప్యూటర్ కొంత డీజిల్‌ను అదనంగా చల్లుతుంది. ఇది కొన్ని వందల కిలోమీటర్లకు ఒకసారి జరిగితే సహజం. మసి ఎక్కువ పుడుతున్నా, మధ్యలో ఇంజిన్ ఆపేయడం వల్ల ప్రక్రియ పూర్తికాకపోయినా పదేపదే మొదలవుతుంది, డీజిల్ ఖర్చు పెరుగుతుంది. ఇక్కడ ఒక తమాషా ఉంది. సాలూరు ఘాట్ ఎక్కే బండికి ఎగ్జాస్ట్ వేడి బాగా ఉండి ఫిల్టరు శుభ్రపడటం తేలిక. రాయగడ, జయపురం పట్టణాల్లోనే దుకాణం నుంచి దుకాణానికి తిరుగుతూ ఆగి ఆగి నడిచే బండికే ఈ బాధ ఎక్కువ. నిలబెట్టి ఉన్నప్పుడు ఐడిల్ వేగం పెరగడం, ఇంజిన్ ఆపాక కూడా ఫ్యాన్ తిరగడం, డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరగడం దీని గుర్తులు. ఆయిల్ పెరిగిందంటే చల్లిన డీజిల్ సిలిండర్ గోడల మీదుగా, ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంప్‌లోకి దిగుతోందని అర్థం. అది మైలేజీ సమస్యను దాటి ఇంజిన్ సమస్య అవుతుంది. వారానికి ఒకసారైనా అరగంట ఆగకుండా రహదారిపై నడపడం, కంపెనీ చెప్పిన తక్కువ బూడిదనిచ్చే ఆయిల్ మాత్రమే పోయడం దీనికి నివారణ. పాత రకం ఆయిల్ నుంచి వచ్చే బూడిద ఎంత వేడికీ కాలదు.

డీపీఎఫ్‌ను కోసేయడం, ఈజీఆర్ (కాలిన పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు) దారి మూసేయడం పరిష్కారంగా కొందరు చెబుతున్నారు. అది ఉద్గార నిబంధనల ఉల్లంఘన. పైగా మసి ఎందుకు పుడుతోందన్న ప్రశ్న అలాగే మిగిలిపోతుంది.

గాలి దారి, తరువాతే డీజిల్ దారి

కోరాపుట్ ఎర్రమట్టి దుమ్ములో ఎయిర్ ఫిల్టరు త్వరగా పూడుతుంది. అయితే దీని ప్రభావాన్ని ఎక్కువ చేసి చెప్పడం పరిపాటి. పూడిన ఫిల్టరుతో మొదట తగ్గేది బండి పికప్. డ్రైవరు యాక్సిలరేటర్ మరింత తొక్కడం వల్ల, తక్కువ గేర్లలో లాగించడం వల్ల మైలేజీ తరువాత తగ్గుతుంది. టర్బో నుంచి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు వెళ్లే రబ్బరు గొట్టం పగుళ్లు మరింత ముఖ్యమైనవి. ఎక్కుడులో టర్బో గాలి పీడనం గరిష్ఠంగా ఉన్నప్పుడే పగులు తెరుచుకుంటుంది, షెడ్డులో నిలబెట్టి చూస్తే కనబడదు. లోడుతో ఎక్కేటప్పుడు బుస్సుమనే శబ్దం, గొట్టం బిగింపుల దగ్గర నూనె మరక దీని ఆనవాళ్లు. గొట్టం మార్చడం చిన్న పని.

ఇవన్నీ చూశాకే స్కానర్ తగిలించాలి. హెచ్చరిక దీపం వెలగకపోయినా లైవ్ డేటా చూడటం అవసరం. కూలెంట్ ఉష్ణోగ్రత, టర్బో పీడనం, రైల్ (ఇంజెక్టర్లకు డీజిల్ అందించే గొట్టం) పీడనం, ఈజీఆర్ స్థానం, డీపీఎఫ్ మసి శాతం కలిపి చూస్తే లోపం ఎటువైపో తెలుస్తుంది. ఈజీఆర్ వాల్వు మసితో తెరుచుకుని ఇరుక్కుపోతే కాలిన పొగ ఎక్కువగా లోపలికి వచ్చి దహనం చెడుతుంది. దాన్ని విప్పి శుభ్రం చేయవచ్చు. ఇంజెక్టర్ల వంతు వచ్చినప్పుడు ముందు లీక్ ఆఫ్ పరీక్ష చేయాలి. నాలుగింటి రిటర్న్ గొట్టాలకూ చిన్న సీసాలు తగిలించి, ఇంజిన్ కొన్ని నిమిషాలు నడిపి ఎందులో ఎక్కువ డీజిల్ చేరిందో చూడడమే ఆ పరీక్ష. ఒకటి తేడాగా ఉంటే నాలుగూ మార్చాల్సిన పని లేదు. అనుమానం ఉన్నదాన్ని బెంచి మీద పరీక్షించి, అవసరమైతే అదొక్కటే మార్చి, ఆ కొత్త ఇంజెక్టర్ కోడ్‌ను కంప్యూటర్‌లో నమోదు చేయించాలి. కోడ్ ఎక్కించకుండా వదిలేస్తే కొత్తదీ తప్పు కొలతలోనే డీజిల్ చల్లుతుంది.

మరమ్మతు ఒకసారికి ఒకటే చేయించడం మంచిది. టైర్లు, ఫిల్టర్లు, బ్రేకులు, నాజిల్స్ అన్నీ ఒకే రోజు మార్పించిన తరువాత మైలేజీ పెరిగినా, ఏది పనిచేసిందో తెలియదు. ఒక మరమ్మతు, తరువాత అదే రూటులో అదే తరహా లోడుతో మూడు ఫుల్ ట్యాంకుల లెక్క, ఆ తరువాతే రెండో మరమ్మతు. డీజిల్‌లో కలిపే మైలేజీ మందులు, గొట్టానికి బిగించే అయస్కాంతాలు ఈ వరుసలో ఎక్కడా లేవు. పట్టేసిన బ్రేకునూ, తీసేసిన థర్మోస్టాట్‌నూ అవి సరిచేయలేవు.